ముసురుకి పేరు పెట్టరు



లైలా, నీలం, నీలోఫర్, వర్దా, తిత్లీ, బుల్‌బుల్, గులాబ్. తెలియనివాళ్లకి ఈ వరస చదివి వినిపిస్తే ఎవరో షాయర్ గజల్ కోసం దాచిపెట్టుకున్న లఫ్జులు అనుకుంటారు. ఇవన్నీ తూఫాన్ల పేర్లు. అన్నీ పాకిస్తాన్ సూచించినవే. 2010 మే నెలలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆవిడ కోసం మజ్నూ ఎవరూ ఎదురు చూడలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర ఒడ్డెక్కింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుక ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లని పడగొట్టింది. 2021 సెప్టెంబర్ 26 సాయంత్రం కళింగపట్నానికి పైన గులాబ్ తీరం దాటింది. మధ్యలో 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం మీద పడి విజయనగరాన్ని కూడా చీకట్లో ముంచిన హుద్‌హుద్ ఉండనే ఉంది. ఆ పేరు ఒమన్ పెట్టింది. అది ఖురాన్ షరీఫ్‌లో సులేమాన్ అలైహిస్సలాం కొలువులో కనిపించే పిట్ట పేరు.

ఈ పేర్ల మీద జోకులు చాలా విన్నాం. ఉర్దూ తెలిసినవాళ్లం కాబట్టి ప్రతిసారీ మమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు, "గులాబ్ అంటే ఇంత ముళ్లుంటాయా భాయ్" అని. నవ్వేసి ఊరుకుంటాం. కానీ నేను ఈ రోజు రాయాలనుకున్నది పేరున్న తూఫాన్ల గురించి కాదు. పేరులేని వాన గురించి. మా రెండు జిల్లాల్లో జూన్ నుంచి డిసెంబర్ దాకా, ఆరు నెలలకి పైగా నడిచే తడి మౌసం గురించి. ఆ మౌసంలో గరీబు ఇంటికి జరిగే నుక్సాన్ ఎవరి లెక్కలోనూ పడటం లేదన్నది నా ఫిర్యాదు. ఆ నుక్సాన్‌లో హిస్సా తీసుకోవాల్సినవాళ్లు తీసుకోవటం లేదన్నది అసలు మాట.

ముందు పేరు ఎలా వస్తుందో చూద్దాం. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టే తూఫాన్లకి పేర్లు పెట్టే రివాజు 2004లో మొదలైంది. ఎనిమిది దేశాలు, దేశానికి ఎనిమిది చొప్పున, 64 పేర్లు ఇచ్చాయి. అవి అయిపోవచ్చే సరికి 2020లో పదమూడు దేశాలు కలిసి 169 పేర్లతో కొత్త జాబితా తయారు చేశాయి. వంతు ప్రకారం ఢిల్లీలోని మన వాతావరణ శాఖ ఒక్కో పేరూ తీసి పెడుతుంది. పేరు రావాలంటే ఒకటే షరతు. గాలి వేగం గంటకి 62 కిలోమీటర్లు అందుకోవాలి. 61 దగ్గర ఆగిపోతే అది తీవ్ర వాయుగుండం. ఇంకా తగ్గితే వాయుగుండం. ఇంకా తగ్గితే అల్పపీడనం. వీటికి పేరుండదు.

చూశారా, లెక్క అంతా గాలిదే. వానకి అందులో హిస్సా లేదు. పేరు పెట్టడానికి ఆ కొలత సరైనదే కావచ్చు, దాని మీద నాకు తకరారు లేదు. సముద్రంలో ఉన్న పడవకి ముందు తెలియాల్సింది గాలే. కానీ ఆ పేరు కాస్తా సముద్రం దాటి టీవీలోకి, టీవీ నుంచి మంత్రుల పర్యటనల్లోకి, అక్కడి నుంచి జనం యాదిలోకి వచ్చేసరికి, పేరున్నదే ముసీబత్, పేరులేనిది మామూలు వాన అన్న ఖయాల్ పాతుకుపోయింది.

2013 అక్టోబర్ నెలని తీసుకోండి. 12వ తేదీన ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. థాయ్‌లాండ్ పెట్టిన పేరు, నీలమణి అని అర్థం. దేశమంతా ఊపిరి బిగపట్టి చూసింది. లక్షలమందిని ముందే తరలించారు, ప్రాణనష్టం చాలావరకు తప్పింది, షుకర్ అల్హందులిల్లా. కెమెరాలు వెళ్లిపోయాయి. పది రోజులు తిరక్కముందే ఒక అల్పపీడనం వచ్చి కోస్తా అంతా కూర్చుంది. దానికి పేరు లేదు. దాదాపు వారం రోజులు కురిసింది. వాగులూ గెడ్డలూ పొంగాయి, చెరువులు తెగాయి, పొట్ట మీద ఉన్న వరి నీళ్లలో పడుకుంది. కోస్తా ఆంధ్రలోనూ ఒడిశాలోనూ కలిపి పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. ఈ రోజు ఎవరినైనా అడగండి, 2013 అంటే ఫైలిన్ అంటారు. ఆ వానని ఏమని పిలవాలో తెలీదు కాబట్టి దాన్ని మర్చిపోయారు.

ఇంకో వైపు కూడా చూడాలి, ఇన్సాఫ్ అంటే అదే కదా. 2021 డిసెంబర్ మొదట్లో జవాద్ అని ఒక తూఫాన్ వస్తోందన్నారు. సౌదీ పెట్టిన పేరు, దాత అని అర్థం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో 50 వేలకి పైగా మందిని పునరావాస కేంద్రాలకి తరలించారు. జవాద్ మన తీరం తాకకుండానే బలహీనపడి ఒడిశా వైపు మళ్లింది. కొందరు నవ్వారు, అనవసరంగా హడావిడి చేశారన్నారు. నేను నవ్వను. ఆ హడావిడే ప్రాణాలు కాపాడేది. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌కి దాదాపు పదివేలమంది పోయారు. ఇప్పుడు పెద్ద గాలులొచ్చినా ఆ లెక్కన జనాజాలు లేవటం లేదు. వాతావరణ శాఖ ఖబర్, తీరంలో కట్టిన తూఫాన్ షెల్టర్లు, రాత్రికి రాత్రి గడప గడపకీ తిరిగే ఊరి సిబ్బంది, వీళ్లందరి మేహనత్ అది. జాన్ కాపాడటం మనకి వచ్చింది. జాన్ దక్కాక ఆ మనిషి ఆరు నెలల తడిలో ఎలా బతుకుతాడన్నది మాత్రం ఇంకా అతని తకదీర్‌కే వదిలేశాం.

ఆ ఆరు నెలలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, బయట ఉండి చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. జూన్ రెండో వారానికి నైరుతి వస్తుంది. అది అక్టోబర్ మధ్యలో వెనక్కి తగ్గుతుంటే ఈశాన్యం ఎదురొస్తుంది. దక్షిణాన నెల్లూరుకి ఈశాన్యం ముఖ్యం, తెలంగాణకి నైరుతి ముఖ్యం. మా ఉత్తరాంధ్రకి రెండూ తగులుతాయి, రెండింటి మధ్య సందులో తూఫాన్లు తగులుతాయి. మా దగ్గర ఆకాశం తేటపడకపోయినా ఒడిశా కొండల్లో కురిస్తే చాలు, వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా పొంగుతాయి. ఎగువన వాన ఆగిన మర్నాడు ఇక్కడ వరద. అటు గొట్టా బ్యారేజి దగ్గర, ఇటు తోటపల్లి దగ్గర గేట్లెత్తారన్న మాట వినగానే కిందున్న ఊళ్లలో బియ్యం బస్తా అటక ఎక్కుతుంది.

ముసురు పట్టిందంటే మూడు రోజులు, అయిదు రోజులు. పెద్ద వాన కాదు, ఆగదు, అంతే. మేస్త్రీ పనికి పిలవడు. సెంటర్‌లో నిలబడ్డ కూలీలు పదింటి దాకా గొడుగు కింద చూసి ఇంటికి మళ్లుతారు. తోపుడు బండి మీద గాజులు, ప్లాస్టిక్ సామాను అమ్ముకునే మా వాళ్లు బండికి బరకం కప్పి గల్లీలో నిలిపేస్తారు. మట్టిగోడ కింద నుంచి చెమ్మ ఎక్కుతుంది. పుల్లలు అంటుకోవు. బట్టలారవు, పిల్లల స్కూలు యూనిఫాం పొయ్యి మీద దండెం కట్టి ఆరబెడితే పొగ వాసన. ముసలివాళ్ల దగ్గు ఫజర్‌కి ముందే మొదలవుతుంది. ఇన్ని రోజుల్లో ఒక్క రోజు కూడా గాలి 62 దాటలేదు కాబట్టి ఇది ఆఫత్ కాదు. ఎవరూ పోలేదు కాబట్టి ఖబర్ కాదు. కానీ వారం రోజుల కూలి పోయింది, రోజుకింత చొప్పున షావుకారు దగ్గర కర్జ్ పెరిగింది.

సముద్రం ఒడ్డున ఇంకో లెక్క. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉందని గొప్పగా చెప్పుకుంటాం. విజయనగరానికి పూసపాటిరేగ, భోగాపురం వైపు 28 కిలోమీటర్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 20 వేల రూపాయలు చేశారు, మంచిదే. నిషేధం అయిపోయాక వచ్చేదే మౌసం. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ఎన్నిసార్లు "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అని వింటామో లెక్కపెట్టండి. ఆ హెచ్చరిక పాటించాల్సిందే, ప్రాణం ముందు. కానీ పాటించిన ఆ రోజుల రిజక్ ఎక్కడి నుంచి రావాలి? చేపలకి గుడ్లు పెట్టే సెలవిస్తే దానికి సాయం ఉంది, మనిషి గాలికి భయపడి ఒడ్డున కూర్చున్న రోజుకి సాయం లేదు. అందుకే కదా మా మత్స్యలేశం కుర్రాళ్లు తట్టా బుట్టా సర్దుకుని గుజరాత్‌లో వెరావల్ దాకా పోయేది. తిత్లీ వచ్చిన 2018 చివర్లోనే, అలా వలస పోయిన ఈ రెండు జిల్లాల జాలర్లు గీత తెలియని నీళ్లలో పాకిస్తాన్ వాళ్లకి చిక్కి కరాచీలో ఖైదయ్యారు. ఇరవైమంది 2020 జనవరిలో వాఘా దాటి ఇల్లు చేరారు. ఆ ఏడాదంతా ఇక్కడ ఆడవాళ్లు ఎలా లాక్కొచ్చారన్నది ఏ తూఫాన్ లెక్కలో వేస్తారు?

ఇప్పుడు వరి. మా దగ్గర జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు, నవంబర్, డిసెంబర్‌లలో కోతలు. అక్టోబర్ తూఫాన్ పొట్ట మీద, వెన్ను మీద ఉన్న చేనుని పడగొడుతుంది. అది దాటిందీ అంటే డిసెంబర్ ముసురు కాచుకుని ఉంటుంది. కోసి పనలు పొలంలో ఆరేసిన వారానికే అల్పపీడనం. ఒక వేరు తెగిన మొక్క మళ్లీ లేస్తుందేమో గానీ కోసిన పన తడిస్తే ధాన్యం రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. రంగు మారిన ధాన్యానికి కొనేవాడు చెప్పిందే రేటు. ఆరు నెలల మేహనత్ కళ్లం దాకా వచ్చి చేజారటం అంటే అదీ.

నష్టపోయిన రైతుకి పెట్టుబడి సాయం ఇస్తారు కదా అంటారు. ఇస్తారు. కేంద్రం రూలు ప్రకారం పంట 33 శాతం, అంతకి మించి పోతేనే ఇస్తారు. 2015కి ముందు అది 50 శాతం ఉండేది, తగ్గించారు, మెచ్చుకోవాలి. పేరులేని వాన వల్ల పోయినా రూలు ప్రకారం ఇవ్వొచ్చు. కాగితం మీద తేడా లేదు. తేడా ఎక్కడంటే, పేరున్న తూఫానొస్తే లెక్కలు రాసేవాళ్లు మర్నాడే పొలంలో ఉంటారు. పేరులేని ముసురుకి, నీళ్లు తీసి, ఎండొచ్చి, పనలు తిరగేశాక ఎప్పుడో వస్తారు. అప్పటికి చూపించటానికి ఏం మిగులుతుంది?

రెండో తేడా ఇంకా పెద్దది. రాసేది ఎవరి పేరు? జమీన్ ఎవరిదో వాళ్ల పేరు. దుక్కి దున్నింది, ఎరువు కొన్నది, నడుం లోతు నీళ్లలో నిలబడ్డది కౌలుకి చేసేవాడు. 2019లో వచ్చిన చట్టం కౌలుదారుకి 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తానంది. కానీ దానికి మాలిక్ ఒప్పుకోవాలి, దస్తఖత్ పెట్టాలి. చేతికి కాగితం ఇస్తే రేపు భూమి మీదకొస్తాడేమోనని మాలిక్‌కి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వడేమోనని కౌలుదారుకి భయం. రెండు భయాల మధ్య ఆ కార్డు ఖాళీగా ఉండిపోతుంది. వాన మాత్రం కార్డు అడక్కుండానే పడుతుంది.

తిత్లీ తర్వాత కవిటి వైపు తోట కౌలుకి చేసే ఒకాయన నాతో అన్న మాట ఇన్నేళ్లయినా చెవిలో ఉంది. "సెట్లు ఆయనియి సాయిబుగారూ, గాలొక్కటే నాది" అన్నాడు. ఏడాది కాయ మొత్తానికి సొమ్ము ముందే కట్టేశాడు. రెండు కోతలు కూడా కాకముందే తోట నేలకి ఒరిగింది. పడిపోయిన కొబ్బరి చెట్టుకి అప్పటి ప్రభుత్వం 1,500 రూపాయలంది, మరుసటి ఏడు వచ్చిన ప్రభుత్వం దాన్ని 3,000 చేసింది. చెట్టు మాలిక్‌ది కాబట్టి ఆ సొమ్ము మాలిక్‌కి వెళ్లింది. అందులో తప్పు లేదు, కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది, ఆయన నష్టమూ నష్టమే. కానీ కాయని కాయ కాకముందే కొన్నవాడి సొమ్ము సంగతేంటి? ఆ తోటలో కాయ లేదు, చెట్టు లేదు, కట్టిన డబ్బు మాత్రం మాలిక్ పెట్టెలో ఉంది. వాపసు ఇవ్వమని ఇతను అడగలేదు. ఇవ్వాలని ఆయనకి తోచలేదు. ఇద్దరూ మంచివాళ్లే. మధ్యలో రివాజు లేదు.

అసలు రివాజు లేదా? మన దీన్‌లో ఉంది. ఇక్కడే నేను మీ అందరి తవజ్జో అడుగుతున్నాను.

తోటలో ఫలసాయం అమ్మేవాడికి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చేసిన ఒక హుకుం హదీసుల్లో ఉంది. కొన్నవాడు కోసుకోకముందే ఆఫత్ వచ్చి ఆ ఫసల్ పోతే, అతని దగ్గర సొమ్ము పుచ్చుకోవటం అమ్మినవాడికి హలాల్ కాదన్నది దాని సారం. ఫిఖా కితాబుల్లో దీన్ని జవాయిహ్ మసలా అంటారు, ఆఫతుల మసలా అన్నమాట. ఇమాం మాలిక్ రహిమహుల్లా దీనికి ఒక కొలత పెట్టారు. నుక్సాన్ మూడో వంతుకి చేరితే ఆ మేరకి సొమ్ము తగ్గించాల్సిందే అన్నారు. మనవైపు ఎక్కువమందిమి హనఫీలం. హనఫీ ఉలమా దీన్ని తప్పనిసరి అనలేదు, మంచి పనిగా, ఎహసాన్‌గా చూశారు. కాయ అమ్మకం వేరు, నేల కౌలు వేరు అని కూడా ఆలిములు చెబుతారు. ఫతవా ఇవ్వటం నా పని కాదు, ఆ ఇల్మ్ నాకు లేదు. కానీ ఒక్క సంగతి మాత్రం ఎవరైనా చూడొచ్చు. పన్నెండు వందల ఏళ్ల కింద మదీనాలో కూర్చుని ఒక ఇమాం పెట్టిన కొలత మూడో వంతు. మన ప్రభుత్వం 2015లో వచ్చి చేరిన కొలత 33 శాతం. ఇంచుమించు ఒకటే. మూడింట ఒక వంతు పోతే మనిషి తట్టుకోలేడని ఇద్దరికీ తెలుసు. తేడా ఏంటంటే, ఇక్కడ సొమ్ము జమీన్ కాగితం ఉన్నవాడి వైపు పోతోంది. అక్కడ జమీన్ ఉన్నవాడి చేతి నుంచి నష్టపోయినవాడి వైపు రావాలన్నారు.

ఇంకో మాట. గాలివాన రాత్రి అజాన్ ఇచ్చేటప్పుడు ఎవరి ఇళ్లలో వాళ్లు నమాజ్ చదువుకోండని పలికించిన సున్నత్ ఉంది. బురదలో, చీకట్లో, చలిలో మసీదుకి రాలేని ముసలివాడికి అల్లా ఇచ్చిన రుఖ్సత్ అది. జమాత్ నమాజ్‌కే వానలో రుఖ్సత్ ఉంటే, కౌలు సొమ్ముకి రుఖ్సత్ ఎందుకు లేదు? అల్లా తన హక్ విషయంలో తగ్గాడు. మనం మన బస్తాల లెక్కలో తగ్గం.

ఇలా మాట్లాడితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. "సబర్ పట్టాలి భాయ్, అంతా ఇమ్తెహాన్." సబర్ మీద నాకు అపారమైన ఇజ్జత్ ఉంది. ఈ జిల్లాల ఆడవాళ్ల సబర్ చూసినవాణ్ని. కానీ సబర్ అనేది ముసీబత్‌లో ఉన్నవాడు తనకి తాను చెప్పుకునే మాట. పొడి ఇంట్లో కూర్చున్నవాడు తడి ఇంట్లో ఉన్నవాడికి చెప్పే మాట కాదు. అలా చెప్పినప్పుడు అది సబర్ కాదు, జిమ్మేదారి నుంచి తప్పుకోవటం. ఉత్తరాంధ్రవాళ్లు ఓర్పుగలవాళ్లు, అమాయకులు, గొడవ చెయ్యరు అని బయటివాళ్లు తారీఫ్ చేస్తుంటే మా వాళ్లు మురిసిపోతారు. నాకు ఆ తారీఫ్ వింటే ఖంగారు. గొడవ చెయ్యనివాడి పేరు జాబితాలో ఆఖరున ఉంటుందని తెలుసు కాబట్టి. తూఫాన్ అల్లా పంపిన ఇమ్తెహాన్ అనుకుందాం. జాబితా ఎవరు రాశారు? మనిషే కదా.

జాబితా అంటే నాకు మళ్లీ హుద్‌హుద్ గుర్తొస్తుంది. తూఫాన్ కాదు, పిట్ట. సూరె నమల్‌లో ఆ ఖిస్సా తెలుసు కదా. సులేమాన్ అలైహిస్సలాం అంత పెద్ద లష్కర్‌లో పిట్టల్ని పరికించి చూశారు. మనుషులు, జిన్నులు, పక్షులు అన్నీ ఉన్న ఆ ఫౌజులో ఒక్క పిట్ట కనపడలేదని ఆయనకి తెలిసింది. ఏదీ అని అడిగారు. అది దూరదేశం సబా నుంచి పక్కా ఖబర్ తెచ్చింది. హుద్‌హుద్ అనగానే మనం ఖబర్ తెచ్చిన పిట్టనే తలుచుకుంటాం. నేను ఆ బాద్షాని తలుచుకుంటాను. ఒక్క పిట్ట గైర్‌హాజరైతే పట్టించుకున్న హుకూమత్ అది. మా దగ్గర ఖబర్ తెచ్చే పని బాగానే జరుగుతోంది, సాటిలైట్ నుంచి సెల్‌ఫోన్ దాకా. హాజరు తీసుకునే పని జరగటం లేదు. నష్టం రాసే జాబితాలో ఊరికి ఎంతమంది కౌలుదార్లు గైర్‌హాజరో అడిగేవాడు లేడు.

అయితే ఏం చెయ్యాలి? హుకూమత్‌ని అడగాల్సింది రెండే మాటలు. ఒకటి, పేరుతో పని లేకుండా వానని బట్టి లెక్క కట్టండి. మండలానికో వానమాపకం ఉంది, రోజువారీ అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. వరసగా ఇన్ని రోజులు ఇంత కురిస్తే గాలి ఉన్నా లేకపోయినా లెక్క రాసేవాళ్లు పొలానికి వెళ్లాలని రూలు పెట్టండి. వేట మానమన్న రోజుల్ని కూడా అలాగే లెక్కించండి. రెండు, నష్టం రాసేటప్పుడు చేలో నిలబడ్డవాడి పేరు కూడా రాయండి. మాలిక్ దస్తఖత్ లేదన్న సాకు వద్దు. ఎవరు చేస్తున్నారో ఊళ్లో అందరికీ తెలుసు. చావడి దగ్గర జాబితా చదివి వినిపిస్తే అబద్ధం రాసే దమ్ము ఎవరికీ ఉండదు.

కానీ హుకూమత్ మీద వేసేసి ఊరుకుంటే నేను ఇంతసేపు రాసింది బేకార్. మనవైపు నుంచి చెయ్యాల్సింది ఉంది. ఈ రెండు జిల్లాల్లో మేం ముస్లింలం గుప్పెడుమందిమి, రాష్ట్రంలో ఇంత తక్కువమంది ఉన్న చోట్లు అరుదు. మన దగ్గర పెద్ద జమీన్లు ఎక్కడివి అంటారు. నిజమే. కానీ మసీదులకీ దర్గాలకీ ఎప్పటివో ఇనాం భూములున్నాయి. శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ పేరుతో సర్కారు నడిచిన చోటు, ఫౌజ్‌దార్లు ఉన్న చోటు. ఆ పాత వక్ఫ్ భూముల్లో మిగిలినవి కౌలుకే నడుస్తున్నాయి. చేసేవాళ్లు ఎక్కువగా మన మజ్హబ్ కాని గరీబు రైతులు. అక్కడ మాలిక్ ఎవరు? మనమే. ముతవల్లీ, కమిటీ, మన జమాత్. ఆఫత్ వచ్చిన ఏడు ఆ భూముల కౌలు తగ్గిస్తామని ముందే కాగితం మీద రాసిద్దాం. మూడో వంతు పోతే మూడో వంతు మాఫీ, సగం పోతే సగం. అడగటం కోసం చూడొద్దు.

దీనికి ఒక ఎతరాజ్ వస్తుంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. వక్ఫ్ ఆమ్దనీ అమానత్, దాంట్లోంచి తగ్గించే హక్ కమిటీకి ఎక్కడిది, ఇమాం సాహెబ్ తన్‌ఖా ఎలా ఇవ్వాలి అంటారు. అలాగే రెండెకరాలు కౌలుకిచ్చి ఆ గింజల మీద బతికే బేవాలు ఉన్నారు, వాళ్లేం వదులుకోగలరు అంటారు. నా జవాబు ఇది. వదులుకోమనటం లేదు, పంచుకోమంటున్నాను. నుక్సాన్ ముందే జరిగిపోయింది, ఎవరో ఒకరి మీద పడాలి. మొత్తం ఒక్కడి నెత్తిన పడితే వాడు ఊరొదిలి చెన్నై బస్సో విశాఖ బస్సో ఎక్కుతాడు. మర్నాటి నుంచి ఆ చేను చేసేవాడు ఉండడు. అప్పుడు వక్ఫ్‌కీ ఆమ్దనీ లేదు, బేవాకీ గింజ లేదు. ఇద్దరి మీద పడితే ఇద్దరూ ఒక ఏడు ఇబ్బంది పడి నిలబడతారు. బేవా దగ్గర నిజంగానే ఏమీ లేకపోతే ఆ హిస్సా జకాత్ నుంచి, బైతుల్‌మాల్ నుంచి పూడ్చొచ్చు. కర్జ్‌లో కూరుకుపోయినవాడికి జకాత్‌లో హక్ ఉందని చిన్నప్పుడు మక్తబ్‌లో చదువుకున్నదే.

ముసురు రోజుల్లో ఇంకో చిన్న పని కూడా ఉంది. మన మసీదులు, దర్గాలు చాలావరకు పక్కా కట్టడాలు. ఇషా అయ్యాక తాళం వేస్తాం. తూఫాన్ రాత్రి తెరిచి ఉంచుతున్నారు, షుకర్. మూడు రోజుల ముసురులో కూడా వరండా తెరిచి ఉంచుదాం. ఒక పొయ్యి, ఒక డేగిషా గంజి, బట్టలారేసుకోవటానికి ఒక తాడు. ఎవరు వచ్చారని అడగక్కర్లేదు. బాబామెట్ట దర్గాకి విజయనగరంలో ఏ మతం వాళ్లు వెళ్తారో ఎవరూ అడగరు కదా.

జుమ్మా ఖుత్బాల్లో ఇమాం సాహెబులు మౌసం గురించి తౌబా చెయ్యమంటారు, దువా చేయిస్తారు. చేయించాలి. దాంతో పాటు ఆ అయిదు నిమిషాల్లో జవాయిహ్ మసలా ఒక్కసారి చెప్పండి. కౌలుకిచ్చినవాళ్లు, తోట పాటకిచ్చినవాళ్లు, అద్దెకి కొట్లు ఇచ్చినవాళ్లు ముందు వరసలోనే కూర్చుని ఉంటారు. వాళ్లకి తెలిస్తే చాలు, చాలామంది చేస్తారు. మనవాళ్ల దిల్ చెడ్డది కాదు.

2020 జాబితాలో ఇంకా చాలా పేర్లు వంతు కోసం చూస్తున్నాయి. సహాబ్ ఉంది, పర్వాజ్ ఉంది, సర్‌సర్ ఉంది, గుల్‌నార్ ఉంది. ఏది ఎప్పుడు మా తీరానికి వస్తుందో అల్లాకే తెలుసు. వాటికోసం ఎలాగూ అందరూ తయారవుతారు. అవి రాని రోజుల్లో, గాలి 61 దాటని రోజుల్లో, పనలు తడిసే డిసెంబర్‌లో కౌలు లెక్కలు కూర్చుని చూసుకునే పని మీది, నాది. ఈసారి కళ్లం దగ్గర బస్తాలు పంచుకునేటప్పుడు, మాలిక్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు ఎంత తడిసిందో అడగండి. ఆ తర్వాత మీ వాటా అడగండి.